గురకకీ బొటనవేలికీ మధ్య

డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ చదివినవాళ్ళకి జో గుర్తుండే ఉంటాడు. వార్డెల్ అనే ఆసామి ఇంట్లో పనిచేసే లావుపాటి కుర్రాడు. తిండి, నిద్ర, ఈ రెండే అతని లోకం. గుర్రబ్బండి మీద కూర్చుని నిద్రపోతాడు. భోజనాల దగ్గర వడ్డించడానికి నిలబడి, నిలబడే గురక పెడతాడు. సైనిక విన్యాసాల్లో ఫిరంగులు పేలుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా హడావిడి పడుతుంటారు, అతనికి మాత్రం అది జోలపాట. నవల చివర్లో ఒక లాయరు గారి తలుపు ఆపకుండా బాదుతూ కనిపిస్తాడు. ఎందుకురా ఈ గోల అని అడిగితే, తలుపు తీసేదాకా కొడుతూనే ఉండమని అయ్యగారు చెప్పారంటాడు. కొట్టడం ఆపితే అక్కడే నిద్రపోతాడని అయ్యగారి భయం.

అదే నవలలో టోనీ వెల్లర్ ఉన్నాడు. శామ్ వెల్లర్ తండ్రి, గుర్రబ్బండి తోలే మనిషి. ఈయనా భారీ కాయమే. ఈయన పాత జబ్బు గౌట్. మళ్ళీ తిరగబెడుతుందేమో జాగ్రత్త అని కొడుకు హెచ్చరిస్తే, దానికి తిరుగులేని మందు దొరికిందిలే అంటాడు. ఏంటా మందు? గట్టి గొంతున్న, ఆ గొంతుని వాడడం తెలిసిన ఒక వితంతువుని పెళ్ళాడడం. సుఖం ఎక్కువై వచ్చిన జబ్బు కాబట్టి సుఖం పోతే జబ్బూ పోతుందని ఆయన వైద్యం.

ఈ నవల 1836లో నెలనెలా భాగాలుగా మొదలై 1837లో పూర్తయింది. అప్పటికి డికెన్స్ వయసు పాతికకి అటూ ఇటూ. జో, టోనీ వెల్లర్ ఇద్దరూ నవ్వించడానికి పుట్టినవాళ్ళు, ఇప్పటికీ నవ్విస్తారు. కానీ వైద్య చరిత్ర పక్కన పెట్టుకుని ఈ నవల మళ్ళీ తిరగేస్తే నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. జో లక్షణాలున్న మనుషులకి వైద్య పత్రికలో ఆ నవల పేరే పెట్టి ఒక జబ్బుగా వర్ణించడానికి 1956 దాకా పట్టింది. జో జబ్బుకీ టోనీ జబ్బుకీ సంబంధం ఉందా అని వేలమంది రికార్డులు ముందేసుకుని లెక్క చూడడానికి 2015 దాకా పట్టింది. ఒకే పుస్తకంలో ఉన్న ఇద్దరికి పరిచయం కావడానికి దాదాపు నూట ఎనభై ఏళ్ళు!

ఇంత ఆలస్యం ఎందుకైంది? పరికరాలు లేకపోవడం ఒక కారణం, నిజమే. కానీ అదొక్కటే కాదని నా అభిప్రాయం. ఈ రెండు జబ్బుల విషయంలోనూ విచారణ మొదలవకముందే తీర్పు వచ్చేసింది. ‘తిని కూర్చుంటే గౌట్, తిని పడుకుంటే గురక.’ తీర్పు వచ్చాక సాక్ష్యం ఎవరు వెతుకుతారు?

కాలికి పడిన ఉచ్చు

ముందు గౌట్ అంటే ఏంటో చూద్దాం. రక్తంలో యూరిక్ యాసిడ్ మోతాదు మించి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటే, కొందరిలో అది కీళ్ళలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఏదో ఒక రోజు ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ స్ఫటికాల మీద విరుచుకుపడుతుంది. కీలు ఎర్రగా వాచిపోతుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతుందనిపించే నొప్పి. చాలామందిలో కాలి బొటనవేలి మొదట్లోనే మొదలవుతుంది. గ్రీకులు దీన్ని పొడాగ్రా అన్నారు, అంటే కాలిని పట్టేసేది అని. గౌట్ అన్న మాట లాటిన్ ‘గుట్టా’ నుంచి వచ్చింది. గుట్టా అంటే చుక్క. ఒంట్లోని చెడు ద్రవం చుక్క చుక్కగా కీళ్ళలోకి దిగుతుందని అప్పటివాళ్ళ ఊహ.

హిప్పోక్రటిస్ పేరు మీద ఉన్న సూత్రాల్లో ఈ జబ్బు గురించి కొన్ని గమనింపులున్నాయి. నపుంసకులకి రాదనీ, ఆడవాళ్ళకి ముట్లు ఆగిపోయేదాకా రాదనీ. రెండోది ఇవాళ్టి వైద్యం కూడా దాదాపుగా ఒప్పుకుంటుంది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ని బాగా బయటికి పంపుతాయి. తర్వాత వచ్చిన గాలెన్ ఈ జబ్బుని విచ్చలవిడి జీవితానికీ, వంశానికీ ముడిపెట్టాడు. వంశం సంగతి జనం త్వరగానే మర్చిపోయారు. విచ్చలవిడితనం మాత్రం గుర్తుండిపోయింది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండుకి వచ్చేసరికి గౌట్ ఒక హోదా. పోర్ట్ వైను తాగేవాళ్ళకి, మాంసం తినేవాళ్ళకి, నడవాల్సిన అవసరం లేనివాళ్ళకి వచ్చే జబ్బు. బాత్ అనే ఊరు ఊరంతా ఇలాంటి రోగుల మీద బతికింది. అక్కడి వేడినీటి ఊటల్లో స్నానాలు చేసి, ఆ నీళ్ళు తాగి, సాయంత్రం పేకాడుకుని వెళ్ళేవాళ్ళు. పిక్విక్ గారూ అక్కడికి వెళ్తాడు. 1799లో జేమ్స్ గిల్‌రే ‘ది గౌట్’ అని ఒక బొమ్మ వేశాడు. వాచిన పాదం మీద నల్లటి చిన్న దయ్యం కూర్చుని కోరలు దించుతుంటుంది. నొప్పి అంటే ఎలా ఉంటుందో అంత బాగా చూపించిన బొమ్మలు తక్కువ. అయినా దాన్ని చూసి అప్పటి జనం నవ్వుకునే ఉంటారు. గిల్‌రే అంటేనే నవ్వించే బొమ్మలు కదా.

రోగులు కూడా ఈ తీర్పుకి తలవంచారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పారిస్ దగ్గర పాసీలో ఉంటూ 1780 అక్టోబర్ 22న తనకీ గౌట్‌కీ మధ్య ఒక సంభాషణ రాశాడు. అందులో గౌట్ ఆయన్ని చెడామడా తిడుతుంది. నడవవు, చదరంగం ముందు కూర్చుంటే లేవవు, కడుపు పట్టనంత తింటావు అని. ఆయన బతిమాలుకుంటాడు, ఇకనుంచి బుద్ధిగా ఉంటానని మాటిస్తాడు. ఎంత సరదాగా ఉన్నా అది ఒక నేరాంగీకార పత్రమే. ఆ రచన మీద తేదీతో పాటు ఆయన వేసిన వేళ ఏంటో తెలుసా? అర్ధరాత్రి.

రాత్రి రెండు గంటలకి

ఆ వేళ దగ్గర కాసేపు ఆగుదాం. ఫ్రాంక్లిన్ కంటే దాదాపు వందేళ్ళ ముందు, 1683లో, లండన్ వైద్యుడు థామస్ సిడెన్‌హమ్ గౌట్ మీద ఒక గ్రంథం ప్రచురించాడు. ఆయనకే ముప్పై ఏళ్ళకి పైగా ఆ జబ్బు ఉంది. వైద్యుడూ రోగీ ఒక్కరే కావడంతో, నొప్పి ఎలా మొదలై ఎలా పెరుగుతుందో ఆయన రాసినంత వివరంగా అప్పటిదాకా ఎవరూ రాయలేదు. ఆ వర్ణన ఎక్కడ మొదలవుతుందంటే, మనిషి హాయిగా పడుకుంటాడు, ఏ బాధా ఉండదు, రాత్రి సుమారు రెండు గంటలకి బొటనవేలిలో నొప్పితో మెలకువ వస్తుంది. సిడెన్‌హమ్ మాట ఆయన తర్వాత మూడు వందల ఏళ్ళపాటు ప్రతి వైద్య పుస్తకంలోకీ ఎక్కింది. గౌట్ రాత్రిపూట పట్టుకుంటుంది అని విద్యార్థులు వల్లెవేశారు. రాత్రే ఎందుకు అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం అలాగే పడి ఉంది.

ఈలోగా రసాయన శాస్త్రం తన పని తను చేసుకుపోయింది. 1679లో లేవెన్‌హుక్ గౌట్ గడ్డలోని తెల్లటి సున్నంలాంటి పదార్థాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, రెండు చివర్లా మొనదేలిన సూదుల్ని చూశాడు. 1776లో షీలే మూత్రాశయపు రాయిలోంచి యూరిక్ యాసిడ్‌ని వేరుచేశాడు. 1797లో వోలాస్టన్ గౌట్ గడ్డల్లో ఉన్నది కూడా దాని లవణమే అని తేల్చాడు. 1848లో ఆల్ఫ్రెడ్ గారాడ్ గౌట్ రోగుల రక్తంలోనే యూరిక్ యాసిడ్ ఉందని చూపించాడు. ఆ తర్వాత ఆయన కనిపెట్టిన పరీక్ష నాకు చాలా ఇష్టం. రోగి రక్తం నుంచి తీసిన పల్చటి ద్రవాన్ని గాజు పళ్ళెంలో పోసి, కాస్త యాసిడ్ కలిపి, అందులో నార దారప్పోగు ఒకటి వేసి వదిలేసేవాడు. ఒకటి రెండు రోజులకి దారం మీద పటికబెల్లం కట్టినట్టు స్ఫటికాలు కట్టేవి. ఏ యంత్రమూ అక్కర్లేదు.

గారాడ్ ఇంకొకటి కూడా గమనించాడు. ఆయన దగ్గరికొచ్చే గౌట్ రోగుల్లో చాలామంది ప్లంబర్లు, పెయింటర్లు. సీసంతో పనిచేసేవాళ్ళు. సీసం కిడ్నీలని దెబ్బతీస్తుంది, యూరిక్ యాసిడ్ బయటికి పోదు. అంటే కూలిపని చేసుకునేవాళ్ళకి కూడా ‘రాజుల జబ్బు’ వస్తోంది. ఈ సంగతి పుస్తకాల్లో నమోదయింది. జనం నోట్లో మాత్రం సామెత మారలేదు.

మనవైపు మాట

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్న పేరు వాతరక్తం. చరక సంహిత చికిత్సాస్థానంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. అక్కడ చెప్పిన మారుపేర్లలో ఒకటి ఆఢ్యవాతం, అంటే ఉన్నవాళ్ళ వాతం. ఇంగ్లండులో రాజుల జబ్బు అంటే, ఇక్కడా అదే వరస! సుకుమారులకీ, లావుగా ఉండి సుఖంగా బతికేవాళ్ళకీ వస్తుందంటుంది. చేతుల్లో కాళ్ళల్లో మొదలై, ఎలుక విషంలా మెల్లగా ఒళ్ళంతా పాకుతుందని సుశ్రుతుడి పోలిక. గిల్‌రే దయ్యం కంటే ఇదే నాకు ఎక్కువ భయం పుట్టిస్తుంది.

చరకుడు చెప్పిన కారణాల జాబితాలో రెండు మాటలు పక్కపక్కనే కనబడతాయి. పగటి నిద్ర, రాత్రి జాగరణ. స్లీప్ ఆప్నియా గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ ఉలిక్కిపడతారు. ఎందుకంటే రాత్రి సరిగ్గా నిద్ర లేకపోవడం, పగలు కునికిపాట్లు పడడం, ఇవే ఆ జబ్బుకి గుర్తులు. అయితే ‘చూశారా, మనవాళ్ళు అప్పుడే చెప్పేశారు’ అని వాట్సాప్ గ్రూపుల్లోకి పరిగెత్తకండి. అదే జాబితాలో కోపం కూడా ఉంది, గుర్రాల మీదా ఒంటెల మీదా ప్రయాణాలు కూడా ఉన్నాయి. శ్వాస ఆగడం గురించి అక్కడ ఒక్క మాట లేదు. వాతరక్తం, గౌట్ అచ్చంగా ఒకటే అని కూడా చెప్పలేం. నేను చెప్పేది ఇంతవరకే: కీళ్ళు నొప్పి పుట్టే మనుషుల నిద్రని గమనించడం అనే అలవాటు ఒకప్పటి వైద్యానికి ఉంది. తర్వాత అది తెగిపోయింది.

మా మేనమామకి యాభై దాటాక ఈ నొప్పి మొదలైంది. ఇల్లూ ఊరూ తలా ఒక సలహా ఇచ్చాయి. టమాటా మానెయ్, పాలకూర మానెయ్, పప్పు మానెయ్. ఆయన మాంసం తినడు, మందు ముట్టడు. ఒక్కోటీ మానుకుంటూ పోయి చివరికి మజ్జిగన్నం దగ్గర ఆగాడు. అయినా ఏ తెల్లవారుజామునో కాలు పట్టుకుని కూర్చునేవాడు. “ఏం తిన్నాననే నాకీ శిక్ష?” అని అత్తయ్యని అడిగేవాడు. అత్తయ్యకి ఆయన గురక మీద వేరే ఫిర్యాదు ఉండేది. “మీ గురక ఆగితే నాకు ఇంకా భయమండీ. ఊపిరి ఉందా లేదా అని లేచి చూస్తాను,” అనేది. ఆ మాటకి అందరం నవ్వేవాళ్ళం. రెండు ఫిర్యాదులూ ఒకే వసారాలో, ఒకే మధ్యాహ్నం వినబడేవి. మొదటిది డాక్టరు దాకా వెళ్ళింది, రెండోది ఇంట్లోనే ఉండిపోయింది. ఆయనకి ఆప్నియా ఉందో లేదో ఎవరూ పరీక్ష చేయలేదు కాబట్టి ఉందని అనను. ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదన్నదే నాకు ముఖ్యం.

పప్పు, పాలకూరల గురించి కూడా ఒక మాట. 2004లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం 47 వేల పైచిలుకు మగవాళ్ళని 12 ఏళ్ళపాటు గమనించింది. వాళ్ళలో 730 మందికి కొత్తగా గౌట్ వచ్చింది. మాంసం, చేపలు, రొయ్యల్లాంటివి ఎక్కువ తిన్నవాళ్ళకి ముప్పు పెరిగింది. ప్యూరిన్లు ఎక్కువగా ఉండే కూరగాయలు, పప్పులు తిన్నవాళ్ళకి పెరగలేదు. అంటే మామయ్య వదిలేసిన పప్పు ఆయన్ని కాపాడి ఉండేది కాదు, తింటే ముంచేదీ కాదు.

జో జబ్బుకి పేరు

ఇప్పుడు జో దగ్గరికి వద్దాం. 1956లో బోస్టన్ నుంచి బర్వెల్, ఆయన సహచరులు ఒక రోగి కథ ప్రచురించారు. యాభై దాటిన వ్యాపార సంస్థ అధికారి, దాదాపు 120 కిలోల బరువు. ఎప్పుడూ నిద్రమత్తు. అయినా ఆస్పత్రిలో చేరాలని ఆయనకి ఎప్పుడు అనిపించిందంటే, ఒక రాత్రి పేకాటలో. చేతిలో మూడు ఆసులు, రెండు రాజులు. పోకర్ ఆడేవాళ్ళకి తెలుసు, అలాంటి ముక్కలు పడడమే అదృష్టం. ఆయన ఆ ముక్కలు పట్టుకుని నిద్రపోయాడు. డబ్బు పోయింది, దాంతో ఇదేదో జబ్బే అని ఒప్పుకున్నాడు. బర్వెల్ బృందం ఆ పరిస్థితికి పిక్వికియన్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది. బరువు తగ్గిస్తే మనిషి కోలుకున్నాడు.

పేరు గొప్పగా అతికింది కానీ వాళ్ళు ఒకటి చూడలేదు. రాత్రి. స్థూలకాయం వల్ల ఊపిరి చాలినంత ఆడక, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని పగలు మత్తు వస్తోందని వాళ్ళ వివరణ. అది కొంతవరకే నిజం. 1965లో ఫ్రాన్సులో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో, ఇలాంటి రోగులకి తీగలు తగిలించి రాత్రంతా పక్కన కూర్చుని రికార్డు చేశారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. నిద్రలో గొంతు కండరాలు సడలి, శ్వాసనాళం పై భాగం మూసుకుపోతోంది. ఛాతీ ఎగిరెగిరి పడుతున్నా గాలి లోపలికి పోవడం లేదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి ఒక క్షణం లేపుతుంది, గట్టిగా గురకతో గాలి లోపలికి పోతుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ ఆగడం. రాత్రికి వందలసార్లు. పొద్దున్నే ఆ మనిషికి ఇదేమీ గుర్తుండదు. బాగా నిద్రపోయాననే చెప్తాడు.

మన భాషలో గురకపెట్టి నిద్రపోవడం అంటే నిశ్చింతగా నిద్రపోవడం. కుంభకర్ణుడి గురక మనకి బలానికీ తిండికీ గుర్తు. జోని చూసి ఇంగ్లీషు పాఠకులు అనుకున్నదీ అదే. ఆ రాత్రుల్లో అతను నిద్రపోవడం లేదు, ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు అని రికార్డులు చూశాకే తెలిసింది.

1976 నాటికి స్టాన్‌ఫర్డ్‌లో గియెమినో, ఆయన సహచరులు దీన్ని స్లీప్ ఆప్నియా సిండ్రోమ్‌గా స్థిరపరిచారు. కనీసం పది సెకన్లు శ్వాస ఆగడాన్ని ఒక ఆప్నియాగా లెక్కేస్తారు. లావుగా లేనివాళ్ళకి కూడా వస్తుందని తేలాక పిక్విక్ పేరు పక్కకి పోయింది. దవడ, గొంతు నిర్మాణం వల్ల మన ఆసియా వాళ్ళకి తక్కువ బరువులోనే వచ్చే అవకాశం ఎక్కువ. మొదట్లో ఉన్న ఒకే ఒక గట్టి చికిత్స మెడకి కోత పెట్టి శ్వాసనాళానికి దారి చేయడం. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ బృందం అయిదుగురు రోగులకి ముక్కుకి మాస్క్ తగిలించి, గాలిని కాస్త ఒత్తిడితో పంపితే గొంతు మూసుకుపోకుండా ఉంటుందని చూపించింది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో మంచం పక్కన కనబడే సీపాప్ మెషీన్ పుట్టుక అదే.

మధ్యలో ఉన్న వంతెన

గొంతుకీ బొటనవేలికీ ఏంటి సంబంధం? ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టుకునే నాణెం ఏటీపీ అనే అణువు. దాన్ని మళ్ళీ మళ్ళీ తయారుచేసుకోవడానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ అందనప్పుడు ఏటీపీ తరుగుతుంది, తిరిగి తయారవదు. దాని ముక్కలు అడినోసిన్‌గా, ఆపైన హైపోజాంథిన్‌గా విరుగుతాయి. ఆక్సిజన్ తిరిగొచ్చాక హైపోజాంథిన్ జాంథిన్ అవుతుంది, జాంథిన్ యూరిక్ యాసిడ్ అవుతుంది. చాలా జంతువులకి యూరిక్ యాసిడ్‌ని ఇంకా విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. మనుషులకీ, తోకలేని పెద్ద కోతులకీ పరిణామక్రమంలో అది పోయింది. కాబట్టి మన దగ్గర ఆ వరస అక్కడే ఆగిపోతుంది, మిగిలింది కిడ్నీల పని. గౌట్‌కి వాడే అల్లోప్యూరినాల్ అడ్డుకునేది ఆ చివరి రెండు మెట్లనే. ఆ మందు కనిపెట్టిన గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ పంచుకున్నారు.

ఇప్పుడు ఊపిరి రాత్రికి వందసార్లు ఆగి, వందసార్లు తిరిగొచ్చే మనిషిని ఊహించండి. ఆక్సిజన్ తగ్గడం, రావడం, మళ్ళీ తగ్గడం. యూరిక్ యాసిడ్ తయారవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఏముంటుంది? దీనికి తోడు రాత్రిపూట పాదాలు చల్లబడతాయి, చల్లదనంలో స్ఫటికాలు త్వరగా కడతాయి. ఒంట్లో నీరు తగ్గుతుంది. వాపుని అణిచే కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువగా ఉంటుంది. సిడెన్‌హమ్ చెప్పిన రెండు గంటలకి ఇన్ని కారణాలు కాపు కాసి ఉన్నాయి. ఆప్నియా ఉంటే వాటిలో ఇంకొకటి చేరుతుంది.

ఇది కాగితం మీది తర్కం మాత్రమే కాదు. 1987లో హాస్‌డే, గ్రమ్ అనే ఇద్దరు వైద్యులు నిద్రకి ముందూ తర్వాతా మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎంతుందో పోల్చారు. నిద్రలో ఆక్సిజన్ బాగా పడిపోయేవాళ్ళలో తెల్లారేసరికి అది పెరిగింది. 1998లో వచ్చిన ఇంకో పరిశీలనలో సీపాప్ పెట్టాక ఆ పెరుగుదల తగ్గింది. అయితే ఈ రెండూ ఊపిరితిత్తుల వైద్యుల పత్రికల్లో వచ్చాయి. వాళ్ళకి యూరిక్ యాసిడ్ అంటే ఆక్సిజన్ లోటుని కొలిచే గుర్తు. ఆ పేజీల్లో బొటనవేలి ప్రస్తావన కోసం కీళ్ళ డాక్టర్లు వెతుక్కోవాల్సిన అవసరం వాళ్ళకి కనబడలేదు.

లెక్కలు

2015లో బోస్టన్ పరిశోధకులు రెండు లెక్కలు బయటపెట్టారు. మొదటిది సిడెన్‌హమ్ గంటకి సంబంధించింది. 724 మంది గౌట్ రోగులకి వచ్చిన 1,433 దాడులు ఎప్పుడెప్పుడు వచ్చాయో చూశారు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది లోపు 733. ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు లోపు 310. మూడు నుంచి అర్ధరాత్రి దాకా 390. పగటితో పోలిస్తే రాత్రి ముప్పు రెట్టింపు కంటే ఎక్కువ. ముందు రోజు మద్యం తాగనివాళ్ళలోనూ, ప్యూరిన్లు బాగా తక్కువ తిన్నవాళ్ళలోనూ ఇదే వరస. అంటే రాత్రి విందుని మాత్రమే నిందించి ఊరుకోవడానికి వీల్లేదు.

రెండోది నేరుగా ఆప్నియా మీద. బ్రిటన్ ఫ్యామిలీ డాక్టర్ల రికార్డుల్లోంచి కొత్తగా స్లీప్ ఆప్నియా అని తేలిన 9,865 మందినీ, అదే వయసు, అదే బరువు స్థాయి ఉండి ఆ జబ్బు లేని 43,598 మందినీ తీసుకున్నారు. ఏడాదిలో వెయ్యిమందికి గౌట్ వచ్చిన లెక్క ఆప్నియా ఉన్నవాళ్ళలో 8.4, లేనివాళ్ళలో 4.8. మిగతా తేడాలన్నీ సర్దుబాటు చేశాక ముప్పు ఒకటిన్నర రెట్లు. 2018లో ఇంగ్లండులోని కీల్ యూనివర్సిటీ బృందం 15,879 మంది ఆప్నియా రోగుల్ని దాదాపు ఆరేళ్ళ కాలానికి చూసింది. వాళ్ళలో 4.9 శాతానికి గౌట్ వచ్చింది, పోలికకి తీసుకున్న 63,296 మందిలో 2.6 శాతానికి. సర్దుబాటు తర్వాత ముప్పు 1.42 రెట్లు. మామూలు బరువు ఉన్నవాళ్ళలో కూడా ఈ సంబంధం కనబడింది. తిండిబోతు అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. 2020లో వచ్చిన ఇంకో బ్రిటన్ విశ్లేషణ గౌట్ రోగుల వైపు నుంచి వెనక్కి లెక్కేసింది. బరువు, ఇతర జబ్బులు, వాడే మందులు అన్నీ పరిగణనలోకి తీసుకుంటే ఆప్నియా విడిగా నిలబడడం లేదంది. ఊబకాయం, బీపీ, కిడ్నీ జబ్బు, నీరు తగ్గించే బీపీ మాత్రలు, ఇవన్నీ రెండు జబ్బుల చుట్టూనూ తిరుగుతుంటాయి. వాటిలోంచి ఒక్క దారాన్ని లాగడం తేలిక కాదు. ఇంకోటి, ఆప్నియా ఉన్న వందమందిలో ఆరేళ్ళకి తొంభై అయిదుగురికి గౌట్ రాలేదు కూడా. సీపాప్ పెట్టుకుంటే గౌట్ దాడులు ఆగుతాయని నిరూపించిన పెద్ద ప్రయోగం కూడా లేదు. కాబట్టి మెషీన్ కొనుక్కుని అల్లోప్యూరినాల్ మానేయమని ఎవరైనా చెప్తే వినకండి.

అడగని ప్రశ్న

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది సాక్షుల సంగతి. గౌట్‌కి సాక్షి రోగే. సిడెన్‌హమ్ తన నొప్పిని తనే చూసి రాయగలిగాడు, ఫ్రాంక్లిన్ తన నొప్పితో మాట్లాడగలిగాడు. ఆప్నియాకి రోగి సాక్షి కాలేడు. ఎంత గొప్ప వైద్యుడైనా తన ఊపిరి ఆగడాన్ని తను చూసుకోలేడు. దాన్ని చూసేది పక్కన పడుకుని నిద్రపట్టని మనిషి. చాలా ఇళ్ళల్లో అది భార్య. ఆమె మాటని వైద్యం అడగలేదు, ఇల్లు జోకు చేసింది. టోనీ వెల్లర్ గట్టి గొంతున్న పెళ్ళాన్ని గౌట్‌కి మందుగా చెప్పి నవ్వించాడు కానీ, రాత్రి ఆయన పక్కన ఆమెకి ఏం వినబడేదో అడిగినవాళ్ళు లేరు. నవలలో కూడా.

నవ్వొద్దని నేననను. డికెన్స్ నవ్వకుండా చూసి ఉంటే జోని అంత వివరంగా పట్టుకునేవాడే కాదేమో. చూడడం వరకు ఆయన పని ఆయన బ్రహ్మాండంగా చేశాడు. పేరు పెట్టాల్సివచ్చినప్పుడు డాక్టర్లే ఆయన దగ్గరికి వెళ్ళారు. ఇబ్బంది ఎక్కడంటే, నవ్వు అయిపోయాక కూడా చూపు అక్కడే ఆగిపోవడంలో. తిండిబోతు, బద్ధకస్తుడు అన్న మాటల్లో రోగి కూడా తలదాచుకుంటాడు. ఒక్కోటీ మానుకుంటూ పోతాడు, నొప్పి వచ్చినప్పుడల్లా ఏం తిన్నానా అని నిన్నటి కంచంలోకి చూస్తాడు. నిన్నటి రాత్రిలోకి చూడడు.

గౌట్ అని తేలిన మనిషికి రక్తపరీక్ష రాసేటప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు అడగడానికి ఖర్చేమీ లేదు. గురక వస్తుందా, మధ్యలో ఊపిరి ఆగుతుందా? పగలు కూర్చున్నచోట నిద్ర ముంచుకొస్తుందా? అవునంటే ఒక రాత్రి స్లీప్ స్టడీ. గౌట్ సంగతి ఎలా ఉన్నా, వదిలేసిన ఆప్నియా గుండెకీ, బీపీకీ, స్టీరింగ్ పట్టుకున్న చేతులకీ ప్రమాదమే కాబట్టి ఆ పరీక్ష వృథా పోదు. ఆ ప్రశ్నలు వేయాల్సింది మాత్రం రోగినొక్కడినే కాదు. రిపోర్టులు పట్టుకుని, వెనక కుర్చీలో మాట్లాడకుండా కూర్చున్న మనిషిని కూడా ముందుకు పిలిచి అడగాలి.